గల్లాపెట్టెలో పెట్టుకోడానికి ఒక వెంట్రుక అడిగారు: కోనసీమలో ఒక ఆల్బినిజం కేసు

ఈ కేసు రాయడానికి పాప తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. ఊరి పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నేను కోనసీమలో ఒక చిన్న టౌనులో పిల్లల డాక్టర్ని. కంటి డాక్టర్ని కాదు, సైకాలజిస్టుని అంతకన్నా కాదు. కానీ మా వైపు ఆల్బినిజంతో, అంటే చర్మానికి, జుట్టుకి, కళ్ళకి రంగునిచ్చే మెలనిన్ పుట్టుకతోనే సరిగ్గా తయారవకుండా, పిల్లలు పుడితే మొదట వచ్చేది మా దగ్గరికే. ఈ కేసులో నేను చేసిన ఒక తప్పు ఇంకో డాక్టరు గానీ, ఆశా వర్కరు గానీ, టీచరు గానీ చేయకూడదని దాచకుండా రాస్తున్నాను.

2019 జనవరి, సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు. ఐదు నెలల పాప, కుడి కన్ను వాచి మూసుకుపోయి చీము కారుతోంది. తల్లి, మామ్మ తీసుకొచ్చారు. తండ్రి బయట బండి దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఆ సంగతి కేసు షీటులో రాసుకున్నాను. బిడ్డకి కన్ను పోయేలా ఉంటే తండ్రి గుమ్మం దాటి లోపలికి రాకపోవడం కూడా ఒక లక్షణమే.

పాప జుట్టు మొక్కజొన్న పీచు రంగులో ఉంది. కనుబొమలు, రెప్పల వెంట్రుకలు కూడా తెలుపే. వీపు మీద, భుజాల మీద ఎర్రగా కమిలి అక్కడక్కడా బొబ్బలు. వాపు లేని ఎడమ కన్ను ఊయల లాగా అటూ ఇటూ ఊగుతూనే ఉంది, కిటికీ వైపు తిప్పితే గట్టిగా మూసేసుకుంటోంది. గది చీకటి చేసి చిన్న టార్చి పెట్టి చూస్తే నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు పొర లోంచి ఎర్రటి వెలుతురు బయటికి వచ్చింది. ఆల్బినిజం అని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద పరీక్షలు అక్కర్లేదు. అయితే ఇందులోనే రెండు అరుదైన రకాలుంటాయి. ఒకదాంట్లో రక్తం ఆగదు, ఒకదాంట్లో ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తాయి. అందుకని కమిలిన మచ్చలు, ముక్కులోంచి రక్తం, టీకా వేసిన చోట చాలాసేపు రక్తం కారడం, అంతకుముందు జ్వరాలు, అన్నీ అడిగాను. రక్తం ఆగని రకంలో ప్లేట్‌లెట్ల లెక్క మామూలుగానే వస్తుంది, రిపోర్టు చూసి బాగుందని వదిలేయకూడదు, అడిగి తెలుసుకోవాలి. ఈ పాపకి అవేవీ లేవు.

కంటికి ఏం చేశారని అడిగితే ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నేను కోప్పడను, ఏం పోశారో తెలిస్తేనే మందు సరిగ్గా రాయగలను అని రెండుసార్లు చెప్పాక తల్లి చెప్పింది. కళ్ళు ఊగుతున్నాయని రేవు అవతల ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళి పసరు పోయించారు. వరసగా మూడు రోజులు. ఏ ఆకో తెలియదు. వీపు మీద బొబ్బల సంగతి మామ్మే చెప్పింది: రోజూ పొద్దున్నే నలుగు పెట్టి, నూనె రాసి, గంటసేపు ఎండలో పడుకోబెడుతున్నారు, ఎండకి ఒళ్ళు నల్లబడుతుందని. "మా పిల్లలందరినీ అలాగే చేశామండి, ఎవరికీ ఏం కాలేదు" అంది. నిజమే, వాళ్ళ పిల్లల చర్మంలో మెలనిన్ ఉంది. ఈ పాపకి లేదు. ఎంత ఎండ పెట్టినా చర్మం కాలుతుందే తప్ప నల్లబడదు.

నల్లగుడ్డు మీద పుండు పడింది. ఆ రోజే యెదుర్లంక వంతెన మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి పంపాను. పదకొండు రోజులు ఉన్నారు. కన్ను దక్కింది గానీ కుడి కన్నులో పక్కగా ఒక చిన్న తెల్ల మచ్చ మిగిలిపోయింది. పుట్టుకతో వచ్చిన కంటి లోపం కొంత, మనం చేతులారా చేసినది కొంత. ఆ రెండోది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే ఐదు నెలల్లో మూడు టీకాలకి వచ్చారు, ఎవరో ఒకరు "ఈ పాప కళ్ళు ఇలా ఎందుకున్నాయంటే" అని పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆ పసరు పడేది కాదు.

కాకినాడ నుంచి తిరిగొచ్చాక అసలు పని మొదలైంది. ఆ ఇంట్లో ఈ పాప ఎందుకిలా పుట్టిందనే దానికి మూడు సమాధానాలు తిరుగుతున్నాయి. మామ్మ లెక్క ప్రకారం గ్రహణం. 2018 జులై 27 రాత్రి చంద్రగ్రహణం వచ్చింది కదా, ఈ శతాబ్దంలోకెల్లా ఎక్కువసేపు ఉన్న సంపూర్ణ గ్రహణం అని టీవీల్లో మోగిపోయింది, ఆ రాత్రి నిండు గర్భిణి అయిన కోడలు పెరట్లోకి వెళ్ళింది. చుట్టుపక్కల వాళ్ళ సమాధానం ఇంకా నీచమైనది. "యానాం దొరల పోలిక" అని ఒకడు చెరువు గట్టు మీద నవ్వుతూ అన్నాడట, యానాంని ఒకప్పుడు ఏలిన ఫ్రెంచి దొరలకి పుట్టిందని ఎత్తిపొడుపు, అది తండ్రి విన్నాడు. ఆయన సమాధానం మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆయన మాట్లాడటం మానేశాడు, పాపని ఎత్తుకోవడమూ మానేశాడు. తల్లి వయసు అప్పటికి 21. ఆ అమ్మాయి తన తప్పేమిటో తెలియకుండానే ఐదు నెలలుగా శిక్ష పడుతోంది.

గ్రహణం సంగతి చెప్పడం తేలికే. జుట్టు రంగు, కంటి రంగు కడుపులో పడ్డ రోజే జన్యువుల్లో రాసి ఉంటుంది, తొమ్మిదో నెలలో ఏ నీడ పడినా అది మారదు. తండ్రి అనుమానం సంగతి నెమ్మదిగా తీయాల్సి వచ్చింది. వాళ్ళది మేనరికం, అమ్మాయి నాన్నా, అబ్బాయి అమ్మా సొంత అన్నాచెల్లెళ్ళు. అంటే మామ్మ ఈ తల్లికి అత్తగారే కాదు, సొంత మేనత్త.

మొదటిసారి నేను కాగితం మీద గీతలు గీసి జన్యువులు, వాహకులు అని చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. పైగా మామ్మ "అయితే రక్తంలో దోషం ఉందంటారు" అని బయటికెళ్ళి ఏడ్చింది. రెండోసారి చింతపిక్కలు తెప్పించాను. మా వైపు ఇళ్ళల్లో అష్టాచెమ్మా ఆడటానికి చింతపిక్కని ఒక పక్క అరగదీస్తే తెల్లగా వస్తుంది, రెండో పక్క నల్లగా ఉంటుంది. తండ్రి చేతిలో ఒకటి, తల్లి చేతిలో ఒకటి పెట్టాను. మీ ఇద్దరి దగ్గరా ఇలాంటి పిక్క ఒకటి ఉంది, మీ ఇద్దరికీ నలుపు పక్క కూడా ఉంది కాబట్టి పైకి ఏమీ కనపడదు, వెయ్యండి అన్నాను. రెండూ తెల్లగా పడితేనే పాప ఇలా పుడుతుంది. ఒకటి నల్లగా పడినా చాలు, బిడ్డ మామూలు రంగులో పుడుతుంది. మధ్యాహ్నమంతా వేశారు. ఇంచుమించు నాలుగు సార్లకి ఒకసారి తెలుపు–తెలుపు పడుతోంది. ఒకసారి పడింది కాబట్టి తర్వాత మూడు సార్లు పడదని ఏమీ లేదు, వేసిన ప్రతిసారీ కొత్త ఆటే, వచ్చే కాన్పుకి కూడా నాలుగింట ఒక వంతే అని చెప్పాను. మేనరికంలో ఒకే తాత దగ్గర్నుంచి ఒకే రకం పిక్క ఇద్దరికీ వచ్చే అవకాశం ఎక్కువ, అంతే. మేనరికం చేసుకున్న వాళ్ళందరికీ ఇలా పుడతారని కాదు, ఏ చుట్టరికం లేని దంపతులకి కూడా పుట్టొచ్చు.

తండ్రి చేతిలో పిక్క పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "అంటే సగం నా దగ్గర్నుంచేనా అండి" అన్నాడు. అవునన్నాను. ఆ రోజు పాపని తనే ఎత్తుకుని బండి దాకా వెళ్ళాడు.

మామ్మ మాత్రం ఆటలో కలవకుండా గోడకి ఆనుకుని కూర్చుంది. వెళ్ళేముందు ఒక్కతే వెనక్కి వచ్చి చెప్పిన మాట ఈ కేసు మొత్తానికి తాళంచెవి. "మా తమ్ముడొకడు ఇలాగే ఉండేవాడండి డాక్టరమ్మ గారూ. శనిగాడు అనేవారు. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళేవారు కాదు, వెనక గదిలో ఉంచేవారు. పన్నెండేళ్ళప్పుడు మిట్టమధ్యాహ్నం కాలవలో పడిపోయాడు. ఎండలో కళ్ళు తెరవలేకపోయేవాడు కదండీ, గట్టు కనపడలేదు." యాభై ఏళ్ళుగా ఆవిడ ఈ మాట ఎవరితోనూ అనలేదు, కోడలికి, అంటే అన్న కూతురికి కూడా తెలియదు. జన్యువుల పరంగా లెక్క సరిపోయింది: వాళ్ళ తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఆ పిక్క ఉంది, అది అన్నాచెల్లెళ్ళిద్దరికీ వచ్చి, వాళ్ళ పిల్లలకి చేరింది. కానీ నాకు ఆ రోజు లెక్క కన్నా ముఖ్యమైంది ఇంకొకటి తెలిసింది. ఎండలో పెట్టినా, పసరు పోయించినా మామ్మ మూఢత్వంతో చేయలేదు, మనవరాలిని ఇంకొకళ్ళు శని అనేలోపు నల్లగా చేసేయాలని చేసింది.

తర్వాత రెండేళ్ళు మంచిగా గడిచాయి. కళ్ళజోడు, టోపీ, పాత పంచెలు చింపి కుట్టిన పొడుగు చేతుల పల్చటి జుబ్బాలు. సన్‌స్క్రీన్ ఖరీదు వాళ్ళకి భారమే, అందుకని మొహానికి, చెవులకి, మెడ వెనక, చేతులకి మాత్రం ఆ క్రీము, మిగతా ఒంటికి బట్టే రక్ష అని చెప్పాను. పది నుంచి నాలుగు దాకా ఎండలోకి వద్దు. కళ్ళు ఊగడం మందులతో పోయేది కాదు, వయసుతో కొంత నెమ్మదిస్తుంది. పాప తల ఒక పక్కకి వంచి చూస్తుంటే అది పూనకం కాదు, ఆ కోణంలో కళ్ళు తక్కువ ఊగుతాయి కాబట్టి స్పష్టంగా కనపడుతుంది, తల సరిచేయొద్దు అని చెప్పాను. కరోనా రోజుల్లో ఫోన్లోనే చూశాను.

ఇక నా తప్పు.

పాపకి రెండేళ్ళు దాటాక మామ్మ ఇంటికొచ్చిన వాళ్ళకి "మా ఇంటికి లక్ష్మీదేవి వచ్చిందండి" అని చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముడిని శని అన్నారు కదా, మనవరాలిని అలా అననివ్వకూడదని ఆవిడ పట్టుదల. జనం నమ్మారు. శుక్రవారం పూట పాపకి బొట్టు పెట్టి చేతిలో రూపాయి పెట్టి వెళ్ళేవాళ్ళు. తల్లి ఈ సంగతి నాతో సంతోషంగా చెప్పింది, నేను కూడా సంతోషించాను. అరిష్టం అన్నవాళ్ళు దణ్ణం పెడుతున్నారు, పిల్లని ఎత్తుకుంటున్నారు, ఇంకేం కావాలి అనుకున్నాను. తర్వాతెప్పుడో ఒక షాపాయన పాప వెంట్రుక ఒకటి గల్లాపెట్టెలో పెట్టుకుంటానని అడిగాడు, ఇచ్చాం అని చెప్పింది. అది కూడా విని ఊరుకున్నాను. కేసు షీటులో "సమాజంలో ఆదరణ బాగుంది" అని రాశాను. ఇప్పుడు ఆ పేజీ తీసి చూస్తే చేతిరాత నాదే, సిగ్గేస్తుంది.

ఒక బిడ్డని అరిష్టం అంటే జనం దూరంగా ఉంటారు. అది క్రూరమే, కానీ కళ్ళకి కనపడుతుంది, దాంతో పోట్లాడొచ్చు. అదే బిడ్డ ఒంట్లో మహిమ ఉంది అంటే, ఆ మహిమ తనకి కావాలనుకునేవాడు ఒకడు బయల్దేరతాడు. మొదట రూపాయి ఇచ్చి దణ్ణం పెడతారు. తర్వాత వెంట్రుక అడుగుతారు. ఆ తర్వాత అడిగేది ఏమిటో నేను ఆలోచించలేదు.

2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకలన్నీ మునిగాయి. ఈ కుటుంబం కూడా కొన్నాళ్ళు పునరావాస శిబిరంలో ఉంది. అప్పటిదాకా ఒక ఊరికి, నాలుగు వీధులకి తెలిసిన పాప అక్కడ వందల మంది కళ్ళల్లో పడింది. ఫోటోలు తీసుకున్నారు. అదే వరదలో తండ్రి కౌలుకి చేస్తున్న రొయ్యల చెరువు పోయింది, అంతకుముందు పంటే వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుతో పోయి మేత అప్పు నెత్తిన ఉంది.

అక్టోబరు 20, గురువారం. తల్లి ఒక్కతే ఆటోలో పాపని తీసుకుని వచ్చింది. ఒంట్లో బాగోలేదా అంటే కాదంది. తలుపు వేసి కూర్చోబెడితే చెప్పింది. ఇద్దరు మనుషులు వచ్చారు, ఒకాయన పక్క మండలంలో వాస్తు చెబుతాడు, రెండో ఆయన ఎవరో తెలియదు. ఒక పాత దిబ్బలో నిధి ఉందని, అంజనం వేస్తామని, తమలపాకు మీద కాటుకలో చూసి చెప్పడానికి ఇలాంటి తెల్ల పిల్ల కావాలని అడిగారు. దీపావళి మర్నాడు, 25వ తేదీ అమావాస్యకి సూర్యగ్రహణం కూడా కలిసొచ్చింది, అలాంటి రోజు మళ్ళీ దొరకదు, ఒక్క రాత్రి పంపిస్తే 50 వేలు, దొరికితే పదో వంతు. పిల్లకి ఏమీ కాదు, ఆకులోకి చూస్తే చాలు. "మా ఆయన ఇవ్వనన్లేదండి, ఇత్తాననీ అన్లేదు. ఆలోచించి చెబుతానన్నాడు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది: వాళ్ళు పాప పుట్టిన నక్షత్రం అడిగారు, ఒంటి మీద ఎక్కడైనా మచ్చ ఉందా, ఎప్పుడైనా ఆపరేషన్ చేశారా, రక్తం కారేంత దెబ్బ తగిలిందా అని కూడా అడిగారు.

ఆకులోకి చూడటానికి ఒంటి మీద మచ్చతో పనేముంది? వాళ్ళు ఏం చేద్దామనుకున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునేదాకా ఆగాల్సిన పని కూడా కాదది. ఆ ప్రశ్నలు విన్నాక నాకు చేతులు చల్లబడ్డాయి.

ఆ అమ్మాయి అప్పటికే ఫోన్లో టాంజానియా వీడియోలు చూసి ఉంది, నిద్ర లేదు. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పలేదు. టాంజానియా, మలావి, మొజాంబిక్ దేశాల్లో ఆల్బినిజం ఉన్నవాళ్ళ మీద దాడులు జరిగిన మాట నిజం, వాళ్ళ శరీర భాగాలతో తాయెత్తులు చేస్తే గనుల్లో బంగారం, వలలో చేపలు పడతాయని నమ్మి చంపారు. ఐక్యరాజ్యసమితి 2015లో ఈ విషయం చూడటానికే ఒక స్వతంత్ర నిపుణురాలిని పెట్టింది, నైజీరియాకి చెందిన ఇక్పోన్వోసా ఎరో, ఆవిడకీ ఆల్బినిజం ఉంది. అక్కడ జరిగినవన్నీ ఇక్కడ జరుగుతాయని అనుకోవద్దని చెప్పాను. కానీ చెబుతూనే నాకు అర్థమైంది, ఆ తాయెత్తుల కోసం చంపింది వాళ్ళు అరిష్టమని కాదు, వాళ్ళ ఒంట్లో అదృష్టం ఉందని. మన షాపాయన గల్లాపెట్టెలోకి ఎందుకు అడిగాడో అదే కారణం.

పాపని ఆ సాయంత్రమే మా ఆసుపత్రిలో ఉంచేశాను. జ్వరమనో, నిమోనియా అనో రాయలేదు, కేసు షీటులో "బిడ్డ రక్షణ కోసం" అని ఉన్నదున్నట్టు రాశాను. రేపు ఎవరైనా అడిగితే నిలబడే కాగితం అదే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాను. అప్పట్లో అది విడిగా నడిచేది, తర్వాత 112తో కలిపారు, నంబరు మాత్రం అదే. ఆ ఊరి సచివాలయంలో మహిళా పోలీసుకి, ఆశా వర్కరుకి చెప్పాను. మర్నాడు జిల్లా బాలల రక్షణ విభాగం నుంచి ఒకావిడ వచ్చి తల్లి మాటలు రాసుకుంది. మధ్యలో ఒక కార్యాలయంలో "పండగ వెళ్ళాక చూద్దాం" అన్నారు. పండగ వెళ్ళాక చూడటానికి ఏం మిగిలి ఉంటుందో అడిగి, అక్కడే కూర్చుని, ఆ రోజే సంతకం పెట్టించుకున్నాను. ఇలాంటి చోట మర్యాదగానే కానీ కదలకుండా కూర్చోవాలి.

తండ్రి రాత్రికి వచ్చాడు. ఆయనతో ఏం మాట్లాడాలో నాకు చాలా టెన్షన్ అయింది. తిడితే లేచి వెళ్ళిపోతాడు, వెళ్ళి ఆ ఇద్దరికీ ఫోన్ చేస్తాడు. అందుకని పాప మాట ఎత్తకుండా అప్పు ఎంతని అడిగాను. చెప్పాడు. మేత అప్పు, కౌలు, చేబదులు, అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. అరగంట తర్వాత ఆయనే అన్నాడు: "నేను ఇవ్వలేదండి. కానీ వద్దని ఎందుకు అనలేకపోయానో తెలవటం లేదు." అప్పుడు కంటి డాక్టరు ఇచ్చిన కాగితం తీసి చూపించాను. మిగతావాళ్ళకి 36 మీటర్ల నుంచి కనపడే అక్షరం మీ పాపకి కళ్ళజోడు పెట్టుకున్నా 6 మీటర్ల దగ్గరికి వస్తేనే కనపడుతుంది, రాత్రిపూట దీపం మొహం మీద పెడితే కళ్ళే తెరవలేదు, ఆ పిల్ల ఆకులో ఏం చూస్తుంది? ఏమీ కనపడలేదని చెబితే, 50 వేలు పోసినవాళ్ళు నాలుగేళ్ళ పిల్లని ఏం చేస్తారు? ఆయన తల వంచుకున్నాడు. చట్టం కూడా చెప్పాను, బెదిరించడానికి కాదు, ఆయన ఆ ఇద్దరికీ చెప్పుకోడానికి ఒక మాట కావాలని. డబ్బుకి బిడ్డని ఇచ్చినా తీసుకున్నా 2015 జువైనల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. "పోలీసులకి తెలిసిపోయింది, నా చేతిలో లేదు అని చెప్పెయ్యండి" అన్నాను. బీదవాడికి గౌరవంగా వెనక్కి తగ్గడానికి ఒక దారి ఇవ్వాలి, లేకపోతే మాట పోతుందనే భయంతోనే ముందుకి వెళ్ళిపోతాడు.

ఎస్సై ఆ వాస్తు ఆయన్ని పిలిపించి మాట్లాడారు. పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచి చట్టం ఉంది, మీరు వెతికేది దొరికినా చెప్పకుండా ఉంచుకోడానికి లేదు అని కూడా చెప్పారట. 25వ తేదీ గ్రహణం రోజు పాప తల్లి పుట్టింట్లో ఉంది, మేనమామ గుమ్మంలో మంచం వేసుకుని పడుకున్నాడు.

ఆ తర్వాత మామ్మతో మాట్లాడటం అన్నిటికన్నా కష్టమైంది. లక్ష్మి అనొద్దు అంటే ఆవిడ ప్రేమనే వద్దన్నట్టు వినపడుతుంది. నేను ఆవిడ తమ్ముడి సంగతే ఎత్తాను. ఆయన్ని శని అనకుండా లక్ష్మీపుత్రుడు అని ఉంటే కాలవలో పడకుండా ఉండేవాడా? ఎండలో ఒక టోపీ, పక్కన చెయ్యి పట్టుకునే మనిషి ఉండుంటే పడేవాడా? ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వారం ఫోన్ చేయించి అడిగింది, "ఎవరైనా వత్తే ఏం చెప్పమంటారు?" అని. ఇద్దరం కలిసి ఒక మాట తయారుచేసుకున్నాం. ఇప్పుడు ఎవరు బొట్టు పెడతామని వచ్చినా ఆవిడ గుమ్మంలోనే చెబుతుంది: "మా మనవరాలికి ఎండ పడదండి, చూపు కొంచెం తక్కువ. మామూలు పిల్లే. రూపాయి మీ దగ్గరే ఉంచుకోండి." ఈ వాక్యం కోసం నాకు నాలుగేళ్ళు పట్టింది.

జాగ్రత్తలు కూడా కలిసే రాసుకున్నాం. స్కూలు నుంచి తీసుకెళ్ళే మనుషులు ముగ్గురే, వాళ్ళ ఫోటోలు టీచరు దగ్గర ఉంటాయి. జుట్టు కత్తిరిస్తే ఇంట్లోనే, పొయ్యిలో వేసేయడం. వాట్సాప్ స్టేటస్‌లో పాప ఫోటో పెట్టకూడదు, బంధువులు కూడా. "నీ వెంట్రుక, నీ గోరు నీవి, ఎవరడిగినా ఇవ్వకు, గట్టిగా కేకలు వెయ్యి" అని తల్లి పాపకి కథలో పెట్టి నేర్పింది. షాపాయన దగ్గరికి తండ్రే వెళ్ళి ఆ వెంట్రుక వెనక్కి అడిగి తెచ్చాడు. నేను చెప్పలేదు, ఆయనకే తోచింది.

చూపు సంగతి విశాఖలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, చూపు తక్కువ ఉన్నవాళ్ళకి సాయం చేసే 'లో విజన్' విభాగంలో చూపించాం. పుస్తకం మీద పెట్టి చదివే గుండ్రటి భూతద్దం, రంగు అద్దాల కళ్ళజోడు ఇచ్చారు. వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపులో 40 శాతం అని సర్టిఫికెట్ వచ్చింది, పింఛను వస్తోంది, 2024 జులై నుంచి అది ఆరు వేలు అయింది. ఆ సర్టిఫికెట్ డబ్బుకే కాదు, ఇంకోదానికీ పనికొస్తుందని ఆ ఇంట్లో అందరికీ చెప్పాను: 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం నలుగురి ముందు ఈ పాపని కావాలని అవమానించినా బెదిరించినా ఆర్నెల్లకి తక్కువ కాకుండా జైలు. స్కూల్లో మొదటి బెంచీ, కిటికీకి వీపు పెట్టి. పుస్తకం ముక్కుకి ఆనించి చదివితే టీచరు దూరం పెట్టమనేది, అలా చదివితే కళ్ళు పాడవవని కాగితం రాసి పంపాను. తెలివిలో ఏ లోటూ లేదు, ఎక్కాలు క్లాసులో అందరికన్నా ముందే చెబుతుంది. 2023లో తమ్ముడు పుట్టాడు, నల్లటి జుట్టుతో. కాన్పు గదిలోంచి బయటికొచ్చి చెప్పగానే తండ్రి "ఈసారి ఒక పిక్క నల్లగా పడిందన్నమాట" అన్నాడు.

ఇందులో ముగియనిది ఒకటుంది. తండ్రి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వలేదు, అప్పులవాళ్ళ ఊళ్ళో ఉండాలి కదా అన్నాడు, నేను బలవంతపెట్టలేదు. కాబట్టి ఆ ఇద్దరి మీద కేసు లేదు. వాళ్ళకి ఈ గుమ్మం మూసుకుపోయింది గానీ ఇంకో గుమ్మం వెతుక్కోరని ఎవరు చెప్పగలరు? అందుకని చుట్టుపక్కల మండలాల ఆశా వర్కర్లకి పాత కేసు షీటులోని ఆ పేజీ, "సమాజంలో ఆదరణ బాగుంది" అని నేను రాసుకున్న పేజీ, చదివి వినిపించాను. తెల్ల జుట్టు పిల్లలు ఎక్కడున్నారు అని మాత్రమే కాదు, వాళ్ళ దగ్గరికి ఎవరు ఏం అడగడానికి వస్తున్నారు అని కూడా కనుక్కోమన్నాను. పోయిన నెల ఒకావిడ ఫోన్ చేసింది. ఒక లంకలో తొమ్మిదేళ్ళ బాబు ఉన్నాడట, స్కూలుకి పంపడం లేదట, వాళ్ళ నాయనమ్మ వాడి జుట్టు డబ్బాలో దాచి ఎవరెవరికో ఇస్తోందట. వచ్చే మంగళవారం పొద్దున్నే రేవు దాటి వెళ్తున్నాం. ఆశా వర్కరు వస్తోంది, నేను వస్తున్నాను, మా పాప మామ్మ కూడా వస్తానంది.